యాభై సరి సంఖ్యలు

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు రుచిత డిండోలి నుంచి వచ్చింది. పర్వత్ పాటియాలో నేనుండే ఈ రెండు గదుల ఇంటికి ఆ పిల్ల రావడమే అరుదు. వచ్చినా చెవుల్లో పెట్టుకున్న తెల్లటి గింజలు తీయదు కాబట్టి, చెవులు తప్ప మిగతా మనిషి వచ్చినట్టు లెక్క. ఆ రోజు మాత్రం వాటిని తీసి డబ్బీలో పెట్టి, సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి, నా చపాతీ పీట పక్కనే తెరిచింది. బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది. సిటీ బస్సు కోసం రోజూ పొద్దున ఎన్ని నిమిషాలు ఎదురుచూసిందో అరవై రోజులు రాసిపెట్టుకుని, సగటూ అదీ కట్టి కాలేజీకి పంపిందట. కాలేజీ కంప్యూటర్ దాన్ని చదివి, పైన ఎర్రగీత గీసి, సందేహాస్పదం అని తిప్పి పంపింది. ఏమిటి సందేహమో చెప్పలేదు. "మైనే ఖుద్ గినా హై అమ్మమ్మా, కసమ్ సే! ఒక్క దినం గూడ ఇడిశిపెట్టలే," అంది. నేను పెనం మీది చపాతీ తిప్పుతూ, ఆ అంకెల వరస మీద ఒక కన్ను వేసి, "నిజంగ నువ్వే లెక్కవెట్టినవా?" అన్నాను.

ల్యాప్‌టాప్ మూత పడింది. ఆ పిల్ల ముఖం అంతకన్నా ముందే మూతపడింది. "నువ్వు గూడనా? ఛోడో, జానే దో," అని చెవుల్లో గింజలు పెట్టేసుకుంది. చాయ్ తాగింది గానీ, అందులో నేనేం కలిపానో అన్నట్టు గ్లాసులోకి చూస్తూ తాగింది. ఆమె వెళ్ళాక పొయ్యి ఆర్పుతుంటే గుర్తొచ్చింది. ఆ ప్రశ్న నేను పుట్టి బుద్ధెరిగాక ఇద్దరినే అడిగాను. మొదటిసారి అడిగింది మా బాపును, అంటే నాన్నను.

అప్పట్లో మేమూ డిండోలిలోనే ఉండేవాళ్ళం, ఒకే గదిలో, నలుగురం. బాపు సిరిసిల్ల వైపు నుంచి గుజరాత్ వచ్చి, ఇక్కడి మరమగ్గాల షెడ్డులో సాంచెలు నడిపేవాడు. సాంచె అంటే మరమగ్గమే. ఆరు సాంచెలు ఒక్కడే చూసుకునేవాడు. పొద్దున్నే వెళ్ళి చీకటి పడేవేళకు వచ్చేవాడు. ఆయన సందు మలుపు తిరగకముందే మెషీన్ నూనె వాసన ఇంటికి వచ్చేది. అవ్వ, అంటే మా అమ్మ, బకెట్టు నీళ్ళూ, సబ్బు ముక్కా గడప బయటే పెట్టేది. వాసనకు లోపలికి ప్రవేశం లేదని ఆమె చట్టం. స్నానం చేసి వచ్చినా వేళ్ళ సందుల్లో నల్లటి గీతలు మిగిలేవి. ఆ వేళ్ళతోనే జొన్నరొట్టె తుంచి, ఉల్లిగడ్డ నంజుకుని, తిన్నంతసేపూ పెద్ద గొంతుతో మాట్లాడేవాడు. పగలంతా సాంచెల చప్పుడులో ఉండి ఉండి, మామూలు గొంతుతో మాట్లాడితే ఎదుటివాళ్ళకు వినపడుతుందని ఆయనకు నమ్మకం పోయింది.

నమ్మకం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, అది మా ఇంట్లో రేషన్ మీద దొరికే సరుకు. రేషన్ దుకాణం తూకాన్నే బాపు నమ్మేవాడు కాదు. పాలవాడి పాలను వేలిమీద చుక్కగా పెట్టుకుని జారుతుందా లేదా చూసేవాడు. పక్కింటి మరాఠీ ఆమె మా అవ్వకు ఊరికే కరివేపాకు ఇస్తే, రెండో రోజు ఏమడుగుతుందోనని మొదటి రోజంతా ఆలోచించేవాడు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు వాళ్ళ చొక్కా అంచు ఆయన వేళ్ళ మధ్యకు వెళ్ళేది. కొంచెం నలిపి, కన్ను సగం మూసి, "మిల్లు బట్ట అని చెప్పిండా? సాంచె బట్టనే," అనేవాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు కండువా కూడా అలాగే నలిపి చూశాడు. అవ్వ ఆ రోజు ఆయన్ను గుడ్లురిమి చూసిన చూపులో ఎన్ని పోగులున్నాయో ఆయన లెక్కపెట్టలేదు. అన్నట్టు, మా వంశంలో అందరూ నేతలే, కాకపోతే ఒక్కరూ ఎన్నికల్లో నిలబడలేదు. మా తాతలు పట్టు నేశారట. నేను పట్టా కావాలని పట్టుబట్టాను. ఏడో తరగతి దాకా మునిసిపాలిటీ వారి తెలుగు బడి, ఆ తరవాత గుజరాతీ బడి, ఆ తరవాత ఇంగ్లీషు పుస్తకాల కాలేజీ. మూడు భాషల్లోనూ లెక్కలు తప్పగలిగిన ఏకైక విద్యార్థిని నేనే.

కాలేజీలో నా సబ్జెక్టు స్టాటిస్టిక్స్. ఆ పుస్తకంలో లెక్కలన్నీ ఒక సంచితో మొదలయ్యేవి. ఒక సంచిలో అయిదు ఎర్ర బంతులు, మూడు తెల్ల బంతులు ఉన్నవి. చూడకుండా రెండు తీస్తే రెండూ ఎర్రవి అయ్యే అవకాశమెంత? నేను తెలుగు చేసుకుంటూ గట్టిగా చదువుతుంటే బాపు రొట్టె ఆపి వినేవాడు. "సూడకుంట ఎందుకు తియ్యాలె? కండ్లు లేవా?" అనేవాడు. "లెక్క కోసం బాపూ." "లెక్క కోసమైతే సంచి బోర్లేసి లెక్కవెట్టరాదు? సూడొద్దని చెప్పినోడే ఏదో దాస్తున్నడు. ఆని సంగతి జర అరుసుకో." నా స్నేహితురాలు హంస వాళ్ళది కతర్‌గామ్, నాన్న వజ్రాలు సానబట్టేవాడు. ఆమెది బయాలజీ. రెండు పొడుగు బఠాణీ మొక్కల్ని కలిపినా ఒక్కోసారి నాలుగో వంతు పొట్టివి ఎందుకు పుడతాయో ఆమె లెక్కలు కట్టేది. అది విని మా అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "మీ బాపు దిక్కోల్లందరు పొట్టోల్లే, దానికి కాలేజి ఎందుకు?" అంది. మా పుస్తకంలో చివరి పెద్ద అధ్యాయం, కొంచెం చూసి మొత్తం ఎలా ఉంటుందో ఊహించడం గురించి. దాన్ని తెలుగులో ఏమంటారని అవ్వ అడిగితే, ఆలోచించి, "అనుమానం" అని చెప్పాను. "గా సదువు మీ బాపుకు ఫీజు లేకుంటనే వచ్చింది గదనే," అంది.

ఆ ఏడు మాకు పాఠం చెప్పిన ఆమె పేరు నిరుపమా మేడమ్. పేరుకు తగ్గట్టు ఆమెకు ఉపమానం లేదు, ఆమె అనుమానానికీ లేదు. సన్నటి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, కళ్ళద్దాలకు నల్ల దారం. హాజరు పలికినప్పుడు గొంతు వచ్చిన వైపు తలెత్తి చూసి మరీ గుర్తు పెట్టుకునేది. ఆమె అందరికీ ఒక ప్రాక్టికల్ పని ఇచ్చింది. పుస్తకంలో అంకెలు వద్దు, మీ ఇంటి చుట్టూ ఉన్నదేదైనా యాభైసార్లు కొలిచి, పట్టిక వేసి, సగటు తీసి, సగటు నుంచి అంకెలు ఎంతెంత పక్కకు జరుగుతున్నాయో చూపండి, కొలిచినప్పుడు రాసుకున్న చిత్తు కాగితం కూడా జతచేయండి అంది. హంస పెరట్లో వేపాకులు కోసి పొడవులు కొలిచింది. ఒకడు తన తమ్ముడి పరుగు కొలిచాడు. నేను మాత్రం తెలివిగా, అంటే తెలివి ఉందనుకుని, బట్ట తీసుకున్నాను. అంగుళం బట్టలో అడ్డపోగులు ఎన్ని పడ్డాయో మా వాళ్ళు ఒక బుల్లి ఇత్తడి భూతద్దంతో చూస్తారు. మూడు మడతలుగా మడిచి జేబులో వేసుకునేది. దాని అడుగున సరిగ్గా అంగుళం కిటికీ ఉంటుంది. బట్ట మీద నిలబెట్టి, పైనుంచి కన్ను పెట్టి, సూదిమొనతో ఒక్కొక్క పోగూ దాటుకుంటూ లెక్కించాలి. సాంచె ఆగి మళ్ళీ నడిచినచోట పోగులు చిక్కగానో పలచగానో పడతాయి కాబట్టి అంకె ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది. నాకు కావలసిందీ అదే.

చిక్కేమిటంటే షెడ్డులోకి ఆడపిల్లలను సేటు రానివ్వడు. బెల్టుల్లో చున్నీ చిక్కుకుంటుందని భయం. అందుకని బాపును అడిగాను. ఆయన మొదట నన్నే అనుమానించాడు. "పోగులు తక్కువ పడ్డయని సేటు మీద ఏమన్న రాస్తున్నరా మీ మేడమ్? నా నౌకరి పోతది సూడు." కాదు బాపూ, ఇది లెక్కల కోసమే అన్నాను. "గా సంచిల బంతుల లెక్కనేనా?" అవునన్నాను. చాలాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. ఆ పది పన్నెండు రోజులూ ఆయన నడక మారింది. తిండి గంటలో అందరూ డబ్బాలు విప్పుతుంటే ఈయన అద్దం విప్పుకుని బట్ట మీద వంగేవాడట. ఆ మాట తోటి కారీగర్ ఒకాయన మా అవ్వతో చెప్పి నవ్వాడు, "మీ ఆయన గూడ కాలేజిల షరీకైండు వదినే!" అని. చివరికి ఒక సాయంత్రం నూలు కోన్లు వచ్చే అట్టపెట్టె ముక్క ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీద వరసగా, పెన్సిల్‌తో, తెలుగు అంకెల్లో యాభై సంఖ్యలు. ౬౨, ౬౪, ౬౦, ౬౨, ౬౬. అరవై రెండు, అరవై నాలుగు, అలా. తెలుగు అంకెలు తప్ప ఆయనకు వేరేవి రాయడం రాదు. రాసిన అంకెలు మాత్రం నేత లాగే ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా పడ్డాయి. వాటిని నా జర్నల్‌లోకి ఎక్కించి, రంగు పెన్సిళ్ళతో గంట ఆకారం గీత గీసి, అట్టముక్కను సూదితో దారం వేసి కుట్టి ఇచ్చాను.

రెండు రోజుల తరవాత మేడమ్ నన్ను స్టాఫ్ రూముకు పిలిచింది. ఆమె గుజరాతీలో అన్న మాటలే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అట్టముక్కను తిరగేసి మరగేసి, "ఇవేం గుర్తులు?" అంది. తెలుగు అంకెలు అన్నాను. "నాకు అర్థం కాని అంకెలు. సరే. నీ పట్టిక మాత్రం నాకు అర్థమైంది. చదువు." చదివాను. "మళ్ళీ చదువు. ఇందులో ఒక్క బేసి సంఖ్య చూపించు." వెతికాను. యాభైలో ఒక్కటి కూడా లేదు. అన్నీ సరి సంఖ్యలే. సరిగా లేనిదల్లా అదే. "రూపాయి బిళ్ళ యాభైసార్లు ఎగరేస్తే యాభైసార్లూ బొమ్మే పడిందంటే నమ్ముతావా? ఇంట్లో కూర్చుని అంకెలు వండేవాళ్ళు ఇలాగే వండుతారు. వాళ్ళకు చేతికి అలవాటైన అంకెలు ఉంటాయి. శుక్రవారం లోపల నిజం తీసుకురా. లేకపోతే ఈ జర్నల్ మీద సంతకం పెట్టను." జర్నల్ మీద సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షలో కూర్చోనివ్వరు. ప్రాక్టికల్ పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే మా అవ్వ దగ్గర అప్పటికే సిద్ధంగా ఉన్న రెండు సంబంధాల్లో ఒకటి ముందుకు వస్తుంది.

ఇంటికి నడుస్తూ ఆమెను తిట్టుకోవాలి కదా. తిట్టుకోలేదు. దారి పొడుగునా నాకు బాపు మీదే అనుమానం పెరిగింది. తిండి గంట ఎంతసేపు ఉంటుంది? అందులో తినాలి, బీడీ తాగాలి, ఆ పోగులన్నీ ఎప్పుడు చూశాడు? ఊరికే ఒకటి రెండు చూసి, మిగతావి బీడీ పొగలో చూసి ఉంటాడు. ఆ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబులోంచి అద్దం దొంగిలించి, మా తలుపుకు వేలాడే కోరా బట్ట పరదా మీద పెట్టి నేనే లెక్కించాను. అరవై ఒకటి. ఇంకోచోట అరవై మూడు. ఇంకోచోట అయిదు దాటాక తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టాను, యాభై తొమ్మిది. బేసి సంఖ్యలు ఉన్నాయి. మూడింట మూడు. నా గుండెలో విచలనం మొదలైంది, దానికి ఏ ప్రామాణికమూ లేదు. బాపు తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. అద్దం నా చేతిలోనే ఉంది. "బాపూ, ఆ యాభై నిజంగ నువ్వే లెక్కవెట్టినవా?" అన్నాను.

ఆయన తువ్వాలు తలమీదే ఉండిపోయింది. నా వైపు చూశాడు, అద్దం వైపు చూశాడు. అంత పెద్ద గొంతు మనిషి, "ఊఁ," అన్నాడు, అది నాకే సరిగా వినపడలేదు. ఆ రోజు రొట్టె తింటూ ఏమీ మాట్లాడలేదు. నాకు అదే సాక్ష్యంగా తోచింది. తప్పు చేయనివాడు ఎందుకు మాట్లాడడు? ఇరవై ఏళ్ళ వయసులో నాకు తెలిసిన తర్కం అంతే. మర్నాడు కాలేజీ లైబ్రరీలో కూర్చుని, అట్టముక్క కుట్టు విప్పి, జర్నల్‌లో ఆ పుటలు చింపి, కొత్త పట్టిక రాశాను. ఒక అరవై రెండును అరవై మూడు చేశాను. ఒక అరవై నాలుగును అరవై అయిదు. యాభైలో ఇరవై నాలుగింటికి తలా ఒక పోగు దానం చేశాను. సరిగ్గా సగం మారిస్తే అది కూడా అనుమానమేనని ఒకటి తగ్గించాను; ఆ మాత్రం స్టాటిస్టిక్స్ అప్పటికి వచ్చింది. శుక్రవారం మేడమ్ పట్టిక మీద పెన్సిల్ నడిపి, తల ఊపి, "ఇప్పుడు ఇది నిజంలా ఉంది," అని సంతకం పెట్టింది. అబద్ధానికి సంతకం పడింది. బరువు దిగినట్టయింది. ఎక్కడికి దిగిందో మాత్రం ఆ వారపు సెలవు రోజు తెలిసింది.

ఆ రోజు బాపు నా పుస్తకాల సంచీ లోంచి జర్నల్ తీశాడు. తను లెక్కించినవి అచ్చు పుస్తకంలాంటి దాంట్లో ఎలా ఉన్నాయో చూడాలని ముచ్చట. ఆయనకు మామూలు అంకెలు రాయడం రాదు గానీ చదవడం వచ్చు. చాప మీద కూర్చుని, వేలు పెట్టి, ఒకవైపు అట్టముక్క, ఒకవైపు పట్టిక. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆ వేలు ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి ఆగింది.

"గిది ఎవ్వలు లెక్కవెట్టిన్రు?"

"ఏది?"

"గీ అరువై మూడు. నేను అరువై రెండు రాసిన."

నేను చేటలోకి చూస్తూ, "నేనే మార్చిన," అన్నాను. ఎందుకని అడిగాడు. "అన్నీ జోడు అంకెలే ఉన్నయని మేడమ్ నమ్మలే."

"జోడు ఉండక ఏమైతది? నేను జోళ్ళే గద లెక్కవెట్టేది!" అని చేతులతో చూపించాడు. ఒక చేయి, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె లాగా, అటు వెళ్ళింది, తిరిగి వచ్చింది. "నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. రెండు గలిస్తె ఒక జోడు. మా నాయిన గుంట మగ్గం మీద గట్లనే నేర్పిండు. పోయిన నాడె తిరిగి రాకుంటె దాన్ని లెక్కకు తియ్యద్దు. అద్దంల సూస్తె గూడ గంతే, ఒక పోగు పైకి తేల్తది, ఒకటి మునుగుతది. తేలినయే లెక్కవెడ్త. ముప్పై ఒకటి అయినయనుకో, అరువై రెండు రాస్త. సేటుకు పోగులల్ల చెప్పాలె గద."

"ఆఖరి జోడు సగమే పడితే?"

"సగం పడ్డదాన్ని ఇడిశిపెడ్త," అన్నాడు, అదేం అడగవలసిన మాట అన్నట్టు.

చేట నా చేతిలో ఆగిపోయింది. నా అరవై ఒకటీ నిజమే, ఆయన అరవయ్యీ నిజమే. మధ్యలో ఉన్నది నేను పెట్టిన అబద్ధం ఒక్కటే. అవ్వ పొయ్యి దగ్గర నుంచి, "ఏమైందే?" అంది. బాపు జర్నల్ మూసి, అట్టముక్క దాని మీద పెట్టి, ఈసారి మామూలు మనుషులు మాట్లాడే గొంతుతో అన్నాడు, "మీ మేడమ్ నమ్మలేదంటె ఒక తీరు. ఆమె నన్నెరుగది. నువ్వు ఎరుగుదువు గద బిడ్డా?"

సోమవారం జర్నల్, అట్టముక్క రెండూ పట్టుకుని స్టాఫ్ రూముకు వెళ్ళాను. సంతకం పడ్డ పట్టిక తప్పు, పడనిది నిజం మేడమ్ అన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి, "మొదట ఒకటి చెప్పావు, తరవాత ఇంకొకటి, ఇది మూడోది. నీ మాటల్లో దేన్ని నేను యాభైసార్లు కొలవాలి?" అంది. నాడె సంగతి చెప్పాను. చేతులతో చూపించాను, బాపు లాగే. ఆమెకేమీ అర్థమైనట్టు లేదు. ఎరుపు పెన్సిల్‌తో తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది. అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం పెన్సిల్ దించలేదు. అట్టముక్క మీది అంకెలు నా చేత చదివించుకుంటూ, ఒక్కొక్కటీ సగం చేసి పక్క కాగితం మీద రాస్తూ పోయింది. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై మూడు. సగం దాటేసరికి ఆమె పెన్సిల్ నెమ్మదించింది. సరీ బేసీ కలగాపులగంగా పడుతున్నాయి, ఎగరేసిన బిళ్ళల్లాగే. యాభై అయ్యాక ఆ కాగితాన్ని అట్టముక్క పక్కన పెట్టింది. "మీ నాన్న పోగులు లెక్కించలేదు. జోళ్ళు లెక్కించాడు. అంకెలు వండేవాళ్ళు ఇలా వండలేరు," అంది. నా ముఖం వెలిగి ఉంటుంది. "అంత సంతోషం వద్దు. ఆయన మాట ఎలా ఉందో చూశాను. నీ మాట ఇంకా చూడలేదు. ఆ మగ్గాల దగ్గరికి వెళ్ళి పది చోట్ల నువ్వు లెక్కించు. ఎలా లెక్కించావో కింద రాయి. అప్పుడు సంతకం."

ఆ జర్నల్ మీద చివరికి సంతకం పడింది, పరీక్ష రాశాను, సగటు మార్కులతో పాసయ్యాను. అవ్వ సంబంధాలు ఏడాది వెనక్కి వెళ్ళాయి. మేడమ్‌ను అప్పట్లో రాక్షసి అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆమె అనుమానం ఎంత శ్రమ పడిందో అనిపిస్తుంది. కూర్చుని, చదివించుకుని, సగం చేసి చూసింది. తన సంతకాన్ని తనే కొట్టేసుకుంది. నిన్న రుచితకు ఫోన్ చేసి, నీ లెక్కను అనుమానించిన వాళ్ళ దగ్గరికి వెళ్ళి నువ్వెలా లెక్కించావో చెప్పరాదే అన్నాను. "కిస్కో బోలూఁ అమ్మమ్మా? ఆడ ఎవ్వరుంటరు? ఒక డబ్బా ఉంటది, అండ్ల టైప్ చేసుడే," అంది. అయితే నాకు చెప్పు, ఎక్కడ నిలబడ్డావు, ఏ గడియారం చూశావు, బస్సు కనపడ్డప్పుడు రాశావా ఎక్కినప్పుడు రాశావా అని ఒక్కొక్కటీ అడిగాను. మొదట విసుక్కుంది. తరవాత తనే వివరంగా చెప్పుకుపోయింది, నలభై నిమిషాలు. అన్నీ విన్నాక కూడా నేను పూర్తిగా నమ్మానని చెప్పలేను. రేపు పొద్దున ఆ బస్టాపుకు వెళ్ళి తన పక్కన నిలబడతానని మాత్రం చెప్పాను. "పాగల్ హో క్యా?" అని నవ్వింది.

అప్పట్లో మేడమ్ చెప్పిన ఆ పది లెక్కల కోసం బాపు సేటును ఎలా ఒప్పించాడో నాకు చెప్పలేదు. ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. షెడ్డు గడప దగ్గర ఆగి, నా జడను రెండు మడతలు పెట్టి ముడేసి, చున్నీ కొసలు వీపు వెనక్కి లాగి, తెగిన పోగుకు వేసే ముడిలాంటి చిన్న గట్టి ముడి వేశాడు. లోపలికి అడుగు పెట్టాక నా పేరు నాకే వినపడని చప్పుడు. ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్ళలోకి వచ్చింది. గాలిలో తెల్లటి నూగు తేలుతోంది. పనివాళ్ళంతా వేళ్ళతో, కనుబొమలతో మాట్లాడుకుంటున్నారు. బాపు తన మూడో సాంచెను ఆపి, బట్ట మీద అద్దం నిలబెట్టి, నా మెడ పట్టుకుని వంచాడు. కన్ను పెట్టాను. తెల్లటి తాళ్ళు ఒకటి తేలుతూ ఒకటి మునుగుతూ కనిపించాయి. సూదిమొనతో తేలినవి దాటుకుంటూ వెళ్ళి, తలెత్తి, మూడు వేళ్ళు చూపించి, తరవాత ఒక వేలు చూపించాను. ముప్పై ఒకటి.

ఆయన వంగి చూసి, మూడు వేళ్ళు చూపించి, తరవాత రెండు వేళ్ళు చూపించాడు. ముప్పై రెండు. నేను వెంటనే తల ఊపాను, నువ్వు చెప్పినదే నిజం బాపూ, నాకు చాలు, అన్నట్టు గుండె మీద చేయి కూడా పెట్టుకున్నాను. ఆయన ఆ చేతిని తీసి, అరచేయి విప్పి, అద్దాన్ని అందులో పెట్టాడు. బట్ట వైపు చూపించాడు.

మళ్ళీ వంగాను.